జీతం లేని సహాయకుడు

టప్. సర్ర్. టప్. సర్ర్.

అట్టను సూది పొడిచిన చప్పుడు, ఆ వెంటే దారం జారిన చప్పుడు. కళ్లు తెరవకముందే కూతురికి తెల్లవారిందని చెప్పేవి ఆ రెండే. గడియారంతో ఆ ఇంటికి అవసరం తీరిపోయి చాలాకాలమైంది.

కళ్లు తెరిచేసరికి తల్లి గుమ్మం పక్కన, వెలుతురు పడేచోట, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒడిలో అట్టలు. కుడిపక్క స్టీలు గిన్నెలో నల్ల గుండీలు, ఎడమపక్క గిన్నెలో నీలం గుండీలు. అట్టకు పన్నెండు చొప్పున కుట్టాలి. దుకాణంలో వరుసగా వేలాడే ఆ అట్టలను కొనేవారికి, వాటిని ఎవరో చేత్తో కుట్టారన్న ఊహ కూడా రాదు.

కిటికీ దగ్గర తండ్రి స్టూలు మీద కూర్చుని సూదుల్లో దారం ఎక్కిస్తున్నాడు. ఎక్కించిన సూదిని పాత దిండుకు గుచ్చడం, ఇంకొకటి అందుకోవడం. నూలు మిల్లులో ఇరవై ఆరేళ్లు యంత్రాలు బిగించిన ఫిట్టరు ఆయన. మిల్లు గేటుకు తాళం పడి పద్నాలుగు నెలలు. ఆ పద్నాలుగు నెలల్లో ఆయన ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. గోడకు దిగిన మేకులా ఉన్నచోటే ఉండిపోయాడు.

"ఎన్నయ్యాయండీ?" తల్లి అడిగింది.

"ఇరవై తొమ్మిది."

"ముప్పై చేసి లేవండి. టీ చల్లారిపోతోంది."

"చల్లారనీ."

"మీరూ, మీ టీ. ఇద్దరిదీ ఒకే బాపతు. ఎంతసేపు పొయ్యి మీద పెట్టినా వేడెక్కరు."

ఆయన నవ్వలేదు. కోపగించుకోనూ లేదు. ముప్పయ్యో సూదిని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

తల్లి కుడికంటికి పొర కమ్మి ఏడాది దాటింది. ఎడమకన్నూ అదే దారి పట్టిందని, ఇంకా ముదరనిస్తే కష్టమని ఆసుపత్రిలో చెప్పారు. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల జాబితాలో ఇల్లు ఉంటే ఆపరేషన్ ఉచితం. లేకపోతే, ఆ ఖర్చు సంగతి ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనుకుని ప్రయోజనం లేని మాటలను అనుకోవడం వాళ్లు మానేసి చాలా రోజులైంది.

ఆ జాబితా తయారయ్యేది ఇప్పుడు జరుగుతున్న సర్వే నుంచే. ఆ సర్వేలోనే కూతురికి రెండు నెలల తాత్కాలిక ఉద్యోగం. ఇంటింటికీ తిరిగి, ఎవరు ఏ పని చేస్తున్నారో, ఇంటికి ఎంత వస్తోందో రాసుకోవాలి. అయితే ఎవరింటి ఫారం వాళ్లు నింపకూడదు. ఆ ఇంటికి సూపర్‌వైజరు స్వయంగా వస్తుంది. ఆమె అడుగుతున్నంతసేపూ కూతురు నోరు మెదపకూడదు. అది నియమం.

"ఇవాళ పదింటికి మేడమ్ వస్తుంది నాన్నా. ఉన్నది ఉన్నట్టు చెప్పు, చాలు."

"ఏముందని చెప్పడానికి?"

"లేకపోతే లేదనే చెప్పు. మనకు కావలసింది కూడా అదే."

తండ్రి దిండును భార్య పక్కన పెట్టి, టీ గ్లాసు అందుకుని, తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు.

తొమ్మిదింటికి కూతురు సంచీ తగిలించుకుని ఎదురింటికి వెళ్లింది. ఎదురింటి ఆవిడను వీధిలో అందరూ అత్తయ్య అనే పిలుస్తారు. చంకలో ఒక బిడ్డ, కాళ్లకు చుట్టుకుని ఇద్దరు. ఉద్యోగాలకు పోయే తల్లులు పొద్దున్నే వదిలి, సాయంత్రం తీసుకుపోయే పిల్లలు వాళ్లు.

"నాకేం పనుందే తల్లీ! కూర్చుని తినే మొహం నాది," అంది అత్తయ్య, కూర్చోవడానికి తీరిక లేక నిలబడే.

"వీళ్లను చూసినందుకు డబ్బులిస్తారుగా?"

"ఇస్తారనుకో. అదీ ఒక పనేనా?"

"పనే అత్తయ్యా. వారంలో ఒక గంట చేసినా పనే."

"అయితే మీ మామయ్యకీ రాయి. లేచింది మొదలు నా మీద కేకలెయ్యడమే ఆయన పని. దానికీ ఒక గడి ఉందా?"

"జీతం ఇస్తున్నావా మరి?"

"మూడు పూటలా మేపుతున్నా, చాలదూ!"

కూతురు నవ్వుతూ 'పిల్లల సంరక్షణ, స్వయం ఉపాధి' అని రాసింది. అత్తయ్య ఆ ముక్కను చదివించుకుంది. ఒకసారి విన్నాక, మళ్లీ చదవమంది.

పదింటికి సూపర్‌వైజరును వెంటబెట్టుకుని కూతురు ఇంటికి వచ్చేసరికి గది మారిపోయి ఉంది. అట్టలు లేవు, గిన్నెలు లేవు, దిండు లేదు. మంచం మీది దుప్పటి నేలదాకా వేలాడుతోంది. తండ్రి ఇస్త్రీ చేసిన మిల్లు చొక్కా తొడుక్కుని, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. తల్లి మంచం అంచున కూర్చుని ఉంది. ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఏం చేయాలో తెలియక ఆ వేళ్లు ఒకదాన్నొకటి తడుముకుంటున్నాయి.

"అమ్మయ్య!" సూపర్‌వైజరు స్టూలు మీద చతికిలబడింది. యాభై దాటిన మనిషి. "ఈ మోకాలు నాకంటే ముందే రిటైరైంది. మరి మొదలుపెడదామా అన్నయ్యగారూ? ఏం చేస్తుంటారు?"

"మిల్లులో ఫిట్టర్ని."

"గడిచిన ఏడు రోజుల్లో పనికి వెళ్లారా?"

గుమ్మంలో నిలబడ్డ కూతురు తలెత్తింది.

"వెళ్లాను."

"రోజుకూలీయా, నెలజీతమా?"

"నెలజీతం." ఎంతో కూడా చెప్పాడు. ఆగిపోయిన జీతాన్ని, ఆగిపోనట్టే, తడబడకుండా చెప్పాడు.

సూపర్‌వైజరు పెన్ను ఒక్క క్షణం ఆగి, తర్వాత సాగింది. "మరి మీరమ్మా?"

తల్లి భర్త కూర్చున్న వైపు ముఖం తిప్పింది. ఆయన నేల చూస్తున్నాడు. ఆమెకు ఆ సంగతి కనిపించిందో లేదో తెలియదు గానీ, అర్థమైంది.

"ఇంట్లోనే ఉంటానండీ. ఖాళీయే."

వీధి వీధంతా తిరిగి, నువ్వు చేసేది పనే అని అందరికీ చెప్పి వచ్చిన కూతురు, తన గుమ్మంలో రాయిలా నిలబడిపోయింది.

సూపర్‌వైజరు కాగితాలు సర్దుకుని లేచింది. "సాయంత్రం దాకా ఈ వీధిలోనే ఉంటాను. ఐదింటికి ఫారాలన్నీ కవర్లో పెట్టి అంటించేస్తాను. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు. ఈలోగా ఏదైనా గుర్తొస్తే, చెప్పినవాళ్లే వచ్చి చెప్పాలి." ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె చూపు కూతురిని దాటుకుని తండ్రి మీద ఆగింది.

ఆమె వెళ్లిపోయింది. తండ్రి చొక్కా విప్పి, పాత మడతల వెంటే మళ్లీ మడతపెట్టాడు.

"ఎందుకు నాన్నా?"

ఆయన చొక్కా కాలరు సరిచేశాడు.

"నెలజీతం ఉన్న ఇల్లు జాబితాలోకి రాదు. తెలుసుగా నీకు?"

"తెలుసు."

"అమ్మ కన్ను..."

"తెలుసన్నానుగా."

"తెలిసే చెప్పావా?"

"మరేం చెప్పమంటావు?" ఆయన గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బాగుండునని కూతురికి అనిపించింది. "పెళ్లాం గుండీలు కుడుతుంటే కూర్చుని తింటున్నానని చెప్పమంటావా? రేపు ఆ కాగితాలన్నీ మీ ఆఫీసులో నీ కళ్లముందే ఉంటాయి. అందులో మీ నాన్న పక్కన 'పనిలేనివాడు' అని ఉంటుంది. చూడగలవా?"

"చూడగలను. చూడలేనిది అమ్మే, ఇంకొన్నాళ్లు పోతే."

ఆ మాట అనకుండా ఉండవలసిందని కూతురికి తెలుసు. వెనక్కు తీసుకోవడానికి మాత్రం మనసొప్పలేదు.

"నువ్వు ఊరుకోవే," తల్లి అంది. "ఆయన్నేమీ అనకు. కన్ను పోతే పోయింది, వేళ్లున్నాయిగా. దారం మీ నాన్న ఎక్కించి ఇస్తారు. గుండీ తడిమితే తెలుస్తుంది."

"ఎన్నాళ్లమ్మా ఇలా?"

"నడిచినన్నాళ్లు."

తల్లి నేల మీదికి జారి, మంచం కింద చెయ్యి పెట్టి, దాచినవన్నీ ఒక్కొక్కటే బయటికి లాగింది. అట్టలు, దిండు, గుండీల సంచి. సంచిలోంచి పిడికెడు గుండీలు ఒళ్లో పోసుకుని సూది అందుకుంది. టప్. సర్ర్. ఇల్లు మళ్లీ నడవసాగింది.

కూతురు మధ్యాహ్నమంతా మిగిలిన ఇళ్లు తిరిగి వచ్చింది. ఎక్కడ ఏం రాసిందో ఆమెకే గుర్తులేదు. వచ్చేసరికి తండ్రి కిటికీ దగ్గరే ఉన్నాడు. తల్లి పక్కన కుట్టిన అట్టలు దొంతరగా ఉన్నాయి. పొద్దుటి సూదులు అయిపోతే తండ్రి ఇంకో పది ఎక్కించి, దిండు తెచ్చి ఆమె పక్కన పెట్టబోయాడు. పెట్టబోయినవాడు అలాగే వంగి ఉండిపోయాడు.

పై అట్ట మీద నలుపు, నీలం, నలుపు, నలుపు, నీలం. దాని కింది అట్టా అంతే. ఆ కిందిదీ అంతే.

పొద్దున హడావుడిలో రెండు గిన్నెలనూ ఒకే సంచిలోకి వంచింది ఆయనే.

"చూసుకోలేదా?" అన్నాడు.

"ఏమిటండీ?"

ఆయన ఒక గుండీ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "ఇదేం రంగు?"

ఆమె దాన్ని వెలుతురుకు పట్టుకుంది. దగ్గరికి తెచ్చుకుంది, దూరం పెట్టింది, బొటనవేలితో రుద్దింది. "నలుపేగా?"

నీలం అది.

"కుడిచేతి పక్కనున్న గిన్నె నలుపు, ఎడమచేతి పక్కది నీలం. నాకు రంగంటే అదేనండీ," అంది చివరికి, తప్పు ఒప్పుకుంటున్నట్టు. "పొద్దున గిన్నెలు కనబడలేదు. సంచిలో నల్లవి పైన, నీలంవి అడుగున ఉన్నాయేమో అనుకున్నాను."

"ఎప్పట్నుంచి?"

"వానలు మొదలైనప్పట్నుంచి."

"చెప్పలేదేం?"

"చెబితే మీరేం చేస్తారు? ఇంకా మౌనం పడతారు. ఇంట్లో ఉన్న ఆ నాలుగు మాటలూ పోతాయి."

ఆయన ఖాళీ గిన్నెలు రెండూ వెతికి తెచ్చాడు. భార్య ఎదురుగా నేల మీద కూర్చుని, ఒక్కో అట్టా తీసుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. నల్లవి కుడిగిన్నెలో, నీలంవి ఎడమగిన్నెలో. కూతురు వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరి చేతులూ కలిసి పనిచేశాయి, కళ్లు మాత్రం కలవలేదు. ఆఖరి గుండీ పడ్డాక ఆయన కుడిగిన్నెను భార్య కుడిచేతికి తగిలేలా జరిపాడు. ఆ చేతిని వెంటనే వదల్లేదు. వేలికొసల నిండా సూదిపోట్లు. పద్నాలుగు నెలలుగా పక్కనే ఉండి తానేం చూశాడో ఆయనకు తెలియలేదు. చూపు పోయింది ఎవరికో కూడా తెలియలేదు.

"నాన్నా, నాలుగున్నర," కూతురు మెల్లగా అంది.

తండ్రి లేచాడు. మడతపెట్టిన చొక్కా జోలికి పోలేదు. బనియనుతోనే చెప్పులేసుకుని వీధిలోకి నడిచాడు. కూతురు వెనకాలే వెళ్లింది.

సూపర్‌వైజరు ఎదురింటి వరండాలో మోకాలు చాపుకుని, ఫారాలు వరుసలో పేర్చుకుంటోంది. అత్తయ్య పక్కనే ఉంది.

"ఏమైనా గుర్తొచ్చిందా అన్నయ్యగారూ?"

"మిల్లు మూతపడి పద్నాలుగు నెలలండీ. పొద్దున నేను చెప్పింది అబద్ధం."

అత్తయ్య చంకలో బిడ్డను అటు నుంచి ఇటు మార్చుకుంది. ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ జీవితంలో అది మొదటిసారి కావచ్చు.

సూపర్‌వైజరు ఫారం వెతికి తీసి, రాసిన వరుసను కొట్టేసింది. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు. "మరి ఈ ఏడు రోజుల్లో ఏ పనీ చెయ్యలేదా?"

"సూదుల్లో దారం ఎక్కించాను." చెప్పి, నవ్వు కోసం చూశాడు. ఎవరూ నవ్వలేదు.

"రోజూనా?"

"రోజూ. మా ఇంట్లో గుండీలు కుడతారు. ఆ కుట్టే మనిషికి కళ్లు కనబడవు. నేనెక్కించి ఇస్తాను."

"దానికి గడి ఉంది," అని ఆమె రాస్తూనే పైకి చదివింది. "ఇంటి ఉపాధిలో జీతం లేని సహాయకుడు."

"పనిలేనివాడు కాదా?"

"కాదు. ఒక గంట చేసినా పనే. మీ అమ్మాయి వీధంతా చెప్పింది, మీకు చెప్పలేదా?"

తండ్రి ముంజేత్తో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకున్న చోటే మళ్లీ తడిసింది. కూతురు దగ్గరికి వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"కుట్టుపని మీద వచ్చేది ఎంతో మీరే చెబుదురుగాని. ఇక ఈ ఇల్లు జాబితాకు వెళుతుంది. కంటి సంగతి ఆసుపత్రివాళ్లు చూసుకుంటారు," అంది సూపర్‌వైజరు. "ఇంకొక్కటి మిగిలింది. సహాయకుడంటే ఎవరికో సహాయకుడు కావాలి కదా. ఆ పని చేసేవాళ్ల పేరు చెప్పండి."

"మా ఆవిడే."

"ఆవిడ అని రాయడానికి వీల్లేదు. పొద్దున ఖాళీ అన్నారు కాబట్టి 'భార్య' అని రాసి వదిలేశాను. పని లేనివాళ్లకు బంధుత్వం చాలు. పని చేసేవాళ్లకు పేరు ఉండాలి."

ఆయన ఆమెను 'ఇదిగో' అన్నాడు, 'వింటున్నావా' అన్నాడు, కూతురు పుట్టాక 'అమ్మాయి వాళ్లమ్మ' అన్నాడు. ఇరవై ఏడేళ్లలో అంతకుమించి పిలవవలసిన అవసరం రాలేదు. ఎలా పిలిచినా పలికే మనిషి, ఎప్పుడూ చేతికందే దూరంలోనే ఉంది.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. వీధికి అవతల, తన గుమ్మంలో, తలుపుచెక్క పట్టుకుని ఆమె నిలబడి ఉంది. మాటల అలికిడి ఎటునుంచి వస్తోందో అటు ముఖం పెట్టి, ఎవరు మాట్లాడుతున్నారో పోల్చుకోవడానికి ప్రయత్నిస్తోంది.

"కొంచెం గట్టిగా చెప్పండి," అంది సూపర్‌వైజరు, పెన్ను గడి మీద ఆనించి.

ఆయన గట్టిగానే చెప్పాడు, ఆ గుమ్మందాకా వినబడేలా.

"హైమవతి."