ముప్పై నాలుగు నిమిషాల దగ్గర

పెత్తరమాస నాడు కోదాడలో ఫోటో దిగడానికి ఎవరూ రారు. ఇంటింటా పెద్దలకు పెట్టుకునే హడావుడే. గారెల నూనె వాసన వీధంతా తిరుగుతుంటే, హుజూర్‌నగర్ రోడ్డులో మధుసూదన్ మాత్రం స్టూడియో షటరు సగం దించుకుని పాత లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. పొద్దున ఆరింటి నుంచి విండోస్ ఎక్కిస్తున్నాడు. నాలుగుసార్లూ ఒకే చోట ఆగింది. ఇంకా ముప్పై నాలుగు నిమిషాలు పడుతుందని తెర మీద చూపించి, ఇక కదలనంటుంది.

సీడీని చొక్కా అంచుతో తుడిచాడు. సీడీయే మార్చి చూశాడు. ర్యామ్ ఊడదీసి, ఉఫ్ఫని ఊది, మళ్ళీ పెట్టాడు. ఆరేళ్ళ కింద కొన్న లాప్‌టాప్ అది, ఆ వయసులో అలిగితే అలిగిందనుకోవచ్చు. కానీ ఈ రోజు అది లేచి తీరాలి.

చిలుకూరులో సైదయ్య అని ఒక గొర్రెల కాపరి ఉండేవాడు. రెండేళ్ళ కింద పింఛను కాగితాల కోసం ఇక్కడే ఫోటో దిగాడు. బతుకు మొత్తంలో ఆయన దిగింది ఆ ఒక్కటే. పరదా వెనక స్టూలు మీద కూర్చోబెట్టి, కదలొద్దన్నాడు మధుసూదన్. ఫోటో తీశాక ఫోను వస్తే బయటికి పోయాడు. పావుగంట తర్వాత వచ్చి చూస్తే ముసలాయన అలాగే ఉన్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, రెప్ప కూడా వేయకుండా.

“ఇగ లేవొచ్చునా, సారూ?” అని అడిగాడు పాపం.

ఆ మాట చెప్పి ఎంతమందిని నవ్వించాడో మధుసూదన్‌కే లెక్క లేదు.

మొన్న ఎండాకాలంలో సైదయ్య పోయాడు. పెత్తరమాసకు పటం కట్టివ్వమని ఆయన భార్య పోచమ్మ వచ్చింది. సరిగ్గా ఆ వారమే లాప్‌టాప్ నీలం తెర వేసుకుని మొరాయించింది. మన మధుసూదన్‌కు ఓపిక తక్కువ. ఉన్న ఫోటోలు వేరే చోట దాచుకోకుండానే సీడీ పెట్టాడు. పాతదంతా తీసేయమంటావా అని అది అడిగింది. డి నొక్కాడు. నిజంగానేనా అని మళ్ళీ అడిగింది. ఎల్ నొక్కాడు. ఐదేళ్ళ ముఖాలు ఒక్క క్షణంలో పోయాయి.

“అవ్వా, తప్పయింది, ఫోటో పోయింది” అంటే సరిపోయేది. ఆ మాటకు నోరు రాలేదు. పక్కనున్న నెట్ సెంటరులో కూర్చుని, తన ఫోనులో ఉన్న నాన్న ముత్తయ్య ఫోటో తీసుకున్నాడు. ఫోటోలోనే తలకు రుమాలు చుట్టాడు, భుజాన గొంగడి వేశాడు. ఇద్దరివీ గుబురు మీసాలే కదా. పోచమ్మ కళ్ళకు ఎప్పుడో పొరలు కమ్మాయి. పటం గుండెకు హత్తుకుని, “మా ఆయనే బిడ్డా” అని ఏడ్చింది. ఆ ఏడుపు చూశాక అతనికి అన్నం సయించలేదు.

ముత్తయ్య పోలేదు. స్టూడియో వెనక గదిలో మంచం మీద ఉన్నాడు. పక్షవాతం వచ్చి మూడేళ్ళు, ఎవరైనా పట్టుకోకపోతే లేవలేడు. పటం ఇచ్చి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజుల నుంచి ముద్ద ముట్టడం లేదు.

పోయిన ఫోటోలు వెతికే సాఫ్ట్‌వేర్ ఒకటుందని, ముందు కొంచెం జాగాలో విండోస్ ఎక్కించుకుంటే మిగతాదాంట్లో వెతకొచ్చని సూర్యాపేటలో తెలిసినవాడు చెప్పాడు. పోచమ్మ విస్తరి వేసేలోగా అసలు ఫోటో దొరికితే, బండి మీద చిలుకూరు పోయి పటం మార్చేయొచ్చు. అందుకే ఈ తంటా.

ఐదోసారి సీడీ తిరుగుతుండగా నవనీత లోపలి నుంచి వచ్చింది.

“మామ ఇయ్యాల సుత తింటలేడు. జర నువ్వన్న చెప్పు” అంది భర్తతో, గొంతు తగ్గించి.

మధుసూదన్ వెనక గదిలోకి పోయాడు.

“ఆకలైతలేదురా మధూ” అన్నాడు ముత్తయ్య, కళ్ళు మూసుకునే. “ఎవరో ఆమె పెడ్తనే ఉన్నది. జొన్న గటక... గొర్రెపాలు పోసి...”

ఆయన మీసం చివర తెల్లగా ఏదో తడి ఉంది. మధుసూదన్ వేలితో తుడిచాడు. పాల వాసన వచ్చింది. ఆ ఇంట్లో రెండు రోజులుగా పాలే పోయించుకోలేదు.

పరుగున ముందు గదిలోకి వచ్చాడు. తెర మీద ముప్పై నాలుగు నిమిషాలు. అప్పుడే కరెంటు పోయింది. ఇన్వర్టరు కూడా కుయ్‌మని ఆగిపోయింది, లాప్‌టాప్ మాత్రం ఆరలేదు. ఫ్యాన్లు ఆగిన నిశ్శబ్దంలో ఒక వాసన... తడిసిన గొంగడి వాసన. బయట చూస్తే ఎండ ఫెళ్ళున కాస్తోంది.

పోచమ్మకు ఫోను చేశాడు. చెప్పేయాలి. ఈ క్షణమే చెప్పేయాలి.

“అవ్వా, నేను స్టూడియో మధుసూదన్‌ని. ఆ పటం...”

“సల్లగుండు బిడ్డా! ఇప్పుడే విస్తరేసిన. పేరు పెట్టి పిల్సిన. పటంల నుంచి నన్నే సూస్తున్నడు. ఆర్నెల్లకు ఇయ్యాల నా పానం నిమ్మళమైంది. ఏందో అంటున్నవ్?”

మధుసూదన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఏం లేదవ్వా... మంచిగ వచ్చిందా అని అడుగుదామని.”

ఫోను బల్ల మీద పెట్టేశాడు. కట్ చేయాలన్న ధ్యాస కూడా లేదు.

లాప్‌టాప్ చిన్నగా గురగురమంది. ముప్పై నాలుగు పోయి ముప్పై మూడు పడింది.

పరదా వెనక స్టూలు కిర్రుమంది.

“నవనీతా...” అన్నాడు. గొంగడి వాసన ముక్కు పగిలేలా ఉంది. ఒక అడుగు వేశాడు... ఇంకొకటి... పరదా పక్కకు లాగాడు.

స్టూలు మీద నాన్న కూర్చున్నాడు. మూడేళ్ళుగా తనంతట తాను లేవని మనిషి. వీపు నిటారుగా. చేతులు మోకాళ్ళ మీద. రెప్ప వేయడం లేదు.

“నాన్నా...”

ముత్తయ్య పెదాలు కదిలాయి. గొంతు ఆయనది కాదు.

“ఇగ లేవొచ్చునా, సారూ?”

లేవమంటే ఎవరు లేస్తారో, వద్దంటే ఎవరు ఉండిపోతారో. ఆ రెండు కళ్ళూ మధుసూదన్ జవాబు కోసం చూస్తూనే ఉన్నాయి.

వెనక బల్ల మీద, కట్ చేయని ఫోనులోంచి, పోచమ్మ ఇంట్లో ఎక్కడో దూరంగా మరో గొంతు సన్నగా వినిపించింది. పుట్టినప్పటి నుంచి ఎరిగిన గొంతు.

“మధూ... నన్ను గీడ కూసోబెట్టినవేందిరా?”