బల్ల మీద పెట్టిన ఖాళీ

వచ్చినావిడ కుర్చీలో కూర్చోలేదు. కూర్చుంటే ఏడుపొస్తుందని భయం కాబోలు, కుర్చీ వీపు పట్టుకుని నిలబడే మాట్లాడింది.

"వదినగారూ, ఎల్లుండి నన్ను వెలేస్తున్నారు. నేను చెయ్యని పనికి."

ఈ వదినగారు ప్రైవేటు డిటెక్టివ్. గుమ్మం మీది బోర్డులో ఆవిడ పేరు పెద్ద అక్షరాలతోనే ఉంది కానీ దాన్ని చదివిన పాపాన పోయినవాడు లేడు. సహాయకుడిగా ఉన్న సొంత మరిది పొద్దున లేచింది మొదలు "వదినా, వదినా" అని అరుస్తుంటే విని విని, వచ్చేపోయే వాళ్ళూ, ఆఖరికి పోలీసులూ అదే పిలుపుకి అలవాటు పడ్డారు. మరిది బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. వదిన బుర్రలాంటి బుర్ర భూమ్మీద మరొకటి లేదని అతని నమ్మకం. అందులో కొంత నిజం, కొంత ఆవిడ పెట్టే టీ మహిమ.

"ముందు కూర్చో అమ్మా. ఏడుపొస్తే ఏడువు, ఇక్కడ కొత్తేం కాదు," అంది వదినగారు. "ఎవరు వెలేసేది? ఎక్కణ్ణించి?"

ఆవిడ కూర్చుంది. చెప్పుకొచ్చింది. జనానికి ఉద్యోగాలు ఇప్పించడం ఆవిడ వృత్తి. ఆఫీసూ గీఫీసూ ఏమీ లేదు, ఇంటి ముందుగదే. ఆస్పత్రులకి నర్సుల్ని చూపించడంతో మొదలుపెట్టింది కనక అందరూ నర్సులక్క అంటారు.

"ఒంటి చేత్తో ఈ పని సాగదండీ. నా దగ్గర మనిషి ఉంటాడు, చోటుండదు. ఇంకొకరి దగ్గర చోటుంటుంది, మనిషుండడు. అందుకని నలుగురం కలిశాం. బల్ల అంటాం మేం. వారానికోసారి టీ హోటల్ వెనక గదిలో కూర్చుని ఎవరి దగ్గర ఏ ఖాళీ ఉందో, ఎలాంటి మనిషి ఉన్నాడో బల్ల మీద పెడతాం. జత కుదిరితే ఫీజు చెరిసగం. బల్లలో చేరాకే నా ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలిగింది. ఆయన పోయాక ఇద్దరు పిల్లల్ని దాంతోనే పెంచాను."

"మరి తప్పేం జరిగింది?"

"సబ్బుల ఫ్యాక్టరీలో బాయిలర్ ఇన్‌ఛార్జి ఒకాయన నా దగ్గరికొచ్చాడు. భార్యకి జబ్బు, రాత్రి డ్యూటీ లేని చోటు చూడమన్నాడు. మనిషి పేరు, ఇప్పుడు చేస్తున్న చోటు బల్ల మీద చెప్పకూడదు, అది మా కట్టు. నేను చెప్పలేదు. 'బాయిలర్ మనిషి, మీసం రాకముందు చేరి జుట్టు నెరిసేదాకా ఒకే చోట ఉన్నాడు, రాత్రి డ్యూటీ వద్దంటున్నాడు' అన్నాను, అంతే. లెక్కలాయన దగ్గర కాగితం మిల్లు ఖాళీ ఉంది. కుదిరింది. రేపోమాపో ఆర్డరు చేతికొస్తుందనగా ఎవరో సబ్బుల యజమానికి ఫోన్ చేసి ఊదేశారు. ఆయన ఇతన్ని గేటు బయటికి నెట్టించాడు. అక్కడితో ఊరుకున్నాడా? మిల్లుకి కూడా ఫోన్ చేసి, 'మా గుట్టు మోసుకొస్తున్నాడు, జాగ్రత్త' అన్నాడు. వాళ్ళూ వద్దన్నారు. రెంటికీ చెడ్డ రేవడి అయిపోయాడండీ పాపం, ఆ మనిషి!"

"అతని పేరు నీకొక్కదానికే తెలుసు కాబట్టి నువ్వే ఊదావంటున్నారు."

"అదొక్కటే అయితే బాగుండును. సబ్బుల ఫ్యాక్టరీలో పడ్డ ఖాళీని మా బాబాయ్ బల్ల మీద పెట్టాడు. బాబాయ్ అంటే మా అందరికీ పెద్ద, నాకు పని నేర్పినవాడు. యజమాని ఆయనకి కబురు పెట్టాడట. నాకు మేలు చేద్దామని ఆ చోటుకి నా దగ్గరున్న ఇంకో మనిషినే తీసుకున్నాడు. ఇప్పుడదే మెడకి చుట్టుకుంది. ఒకణ్ణి తీయించి ఇంకొకణ్ణి ఎక్కించుకున్నాను, రెండు చేతులా తిన్నాను అంటున్నాడు లెక్కలాయన." ఆవిడ ఇక ఆపుకోలేకపోయింది. "బల్ల లేకపోతే నాకు ఖాళీలు ఎక్కణ్ణించి వస్తాయండీ? ఆ ఇన్‌ఛార్జి మొహం ఎలా చూడను?"

వదినగారు ఆవిడ ఏడుపు అయ్యేదాకా ఊరుకుని, చెప్పులు వేసుకుంది.

టీ హోటల్ వెనక గదిలో పొడుగాటి బల్ల, చుట్టూ నాలుగు కుర్చీలు, గోడకి చేరేసిన ఐదోది ఉన్నాయి. ముగ్గురూ అక్కడే ఉన్నారు. లెక్కలాయన అంటే గుమాస్తాల్నీ ఆడిటర్లనీ సరఫరా చేసే మనిషి; కోపం ముక్కు మీదే ఉంటుంది. హోటళ్ళ తమ్ముడు హోటళ్ళకి మనుషుల్ని చూస్తాడు, నవ్వుతూ ఉంటాడు. మధ్యలో బాబాయ్, తెల్లటి ఇస్త్రీ చొక్కాలో.

"రండి రండి. ఒరే సర్వరూ, ఇంకో రెండు టీలు!" అని కేకేశాడు బాబాయ్.

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న లావుపాటాయన నవ్వుతూ తలూపాడు.

"ఆయన ఈ హోటల్ ఓనరండీ," అన్నాడు హోటళ్ళ తమ్ముడు మరిదితో. "బాబాయ్‌కి మాత్రం సర్వరే."

"సర్వరుగా పెట్టించింది నేనే కదరా! ఎంత పైకెళ్ళినా మనం కూర్చోబెట్టిన చోటే మనకి కనబడతాడు మనిషి." బాబాయ్ లేచి మరిది దగ్గరికొచ్చి, అడక్కుండానే అతని కాలరు సరిచేశాడు. "ఒంకరగా ఉంది నాయనా. ఎవరైనా ముందు కాలరే చూస్తారు."

మరిది పొంగిపోయాడు. అతని కాలరుని ఇంట్లో ఎవరూ పట్టించుకోరు.

"ఆ ఐదో కుర్చీ ఎవరిది?" అడిగింది వదినగారు.

లెక్కలాయన పెదవి విరిచాడు. "ఉండేవాడొకాయన. వరసగా ఖాళీ చేతులతో వచ్చాడు. తీసుకోవడమే తప్ప పెట్టడం లేదు. బల్ల మీద పెట్టలేనివాడు బల్ల మీంచి తీసుకోకూడదు, అది బాబాయ్ పెట్టిన కట్టు. బాబాయ్‌కి చిన్ననాటి స్నేహితుడు. అయినా లేవమన్నాడు."

"కట్టు కట్టేనమ్మా," అన్నాడు బాబాయ్. "నర్సులక్క నాకు కూతురులాంటిది. ఆమె విషయంలో నోరు రావట్లేదు. కానీ నలుగురి మాట కాదనలేను కదా."

ఎంత నిదానంగా అన్నాడో! మరిదికి కళ్ళు చెమర్చాయి.

అక్కణ్ణించి సబ్బుల ఫ్యాక్టరీకి వెళ్ళారు. యజమాని కుర్రవాడే, తండ్రి పోయాక గద్దె ఎక్కాడు. గద్దె ఇంకా అతనికి వదులుగానే ఉంది.

"ఉప్పు తిన్న ఇంటికే ద్రోహం చేశాడండీ! ఊరుకోమంటారా?"

"మీరేం చేశారో అడగలేదు బాబూ. ఫోన్‌లో ఏం విన్నారో చెప్పండి."

"గొంతుకి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టుంది. ఆడో మగో కూడా తెలీలేదు. 'మీ ఫిట్టరు కాగితం మిల్లులో ఉద్యోగం చూసుకున్నాడు, చూసుకోండి' అంది ఆ గొంతు. నాకు ముందు బోధపడలేదు. మా దగ్గర ఫిట్టర్లు చాలామంది. ఏ ఫిట్టరంటే అప్పుడు పేరు చెప్పారు. తీరా చూస్తే మా బాయిలర్ ఇన్‌ఛార్జి."

"ఆయన ఫిట్టరుగా ఎప్పుడు చేశారు?"

"నాన్నగారి రోజుల్లో అయ్యుంటుంది. నేను బడికెళ్ళే వయసేమో."

"కొత్త మనిషి కోసం బాబాయ్‌కి ఎప్పుడు కబురు పెట్టారు?"

"కబురా? నేనెందుకు పెడతాను? ఆయనే పలకరింపుగా వచ్చాడు. నాన్నగారికి తెలిసిన మనిషట. మాటల్లో మాటగా ఇలా మనిషి కావాలన్నాను."

బయటికొచ్చాక మరిది తల గోక్కున్నాడు. "ఏమీ తేలలేదు వదినా. నర్సులక్క తప్ప పేరు తెలిసినవాళ్ళు లేరు."

"పేరు వదిలెయ్. పేరు కన్నా ముందు వచ్చిన మాట పట్టుకో," అంది వదినగారు. మరిది ఆ మాట పట్టుకుని ఇన్‌ఛార్జి ఇంటిదాకా నడిచాడు కానీ దాన్ని ఏం చేసుకోవాలో మాత్రం తెలియలేదు.

ఇన్‌ఛార్జి ఇంట్లో లోపలి గదిలోంచి దగ్గు వినబడుతోంది. అతను పట్టపగలు ఇంట్లో ఉండటం అలవాటు లేని మనిషిలా కుర్చీ అంచున కూర్చున్నాడు. భార్యకి ఇంకా చెప్పలేదట; సెలవు పెట్టానన్నాడట.

"మొదట్లో ఫ్యాక్టరీలో నిన్నెవరు పెట్టించారు నాయనా?"

ఆ ప్రశ్నకి అతని మొహం కాస్త తేటపడింది. "ఎవరో ధర్మాత్ముడండీ. పేరు కూడా తెలీదు. సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. నాకు గుండె దడదడా కొట్టుకుంటోంది. గేటు ముందు నిలబెట్టి, బడికి పంపే పిల్లాణ్ణి అమ్మ సింగారించినట్టు సింగారించి, 'పని వచ్చినవాడికి భయమేంట్రా' అన్నాడు. ఫిట్టరు పని దొరికింది. తర్వాత దణ్ణం పెడదామన్నా కనబడలేదు."

వదినగారు అతని చెవిలో ఏదో చెప్పింది. మరిదికి వినబడలేదు. అడిగితే చెప్పదని తెలుసు కనక అడగలేదు.

ఎల్లుండి వచ్చింది. వెనక గదిలో నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. నర్సులక్క తల ఎత్తలేదు. సబ్బుల యజమాని విసుగ్గా తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఇంకా ఏం విచారణ?" లెక్కలాయన బల్ల చరిచాడు. "ఆమె తప్ప పేరు తెలిసినవాళ్ళు ఎవరున్నారండీ?"

"తెలుసుకోనక్కర్లేదు. గుర్తుపడితే చాలు," అంది వదినగారు. "మీసం రాకముందు చేరి జుట్టు నెరిసేదాకా ఒకే చోట ఉన్న బాయిలర్ మనిషి. అలాంటి మనిషిని ఎప్పుడో తన చేత్తోనే అక్కడ పెట్టించినవాడు ఈ బల్ల దగ్గర ఉంటే, ఇంకా పేరు చెప్పాలా?"

వదినగారు బాబాయ్ వైపు తిరిగింది.

"ఫోన్ చేసిన గొంతు 'మీ ఇన్‌ఛార్జి' అనలేదు. 'మీ ఫిట్టరు' అంది. నర్సులక్క దగ్గరికి అతను ఇన్‌ఛార్జిగానే వచ్చాడు. ఆమె నోట ఆ మాటే వచ్చేది. ఫ్యాక్టరీలో వాళ్ళూ ఆ మాటే అనేవారు. కానీ మీకో అలవాటుంది. ఓనర్ని పట్టుకుని సర్వరూ అని పిలుస్తారు. మీరు కూర్చోబెట్టిన చోటే మీకు కనబడతాడు మనిషి. గొంతుకి గుడ్డ అడ్డం పెట్టొచ్చు, అలవాటుకి ఏం అడ్డం పెడతారు?"

"బాబాయ్‌నా అండీ అంటున్నారు?" అన్నాడు హోటళ్ళ తమ్ముడు. నవ్వు పోయింది అతని మొహంలోంచి.

"యజమాని కబురు పెట్టాడని మీకు చెప్పినవాణ్ణి. ఈ బాబు కబురే పెట్టలేదు. పలకరింపుకని వెళ్ళి ఆ ఖాళీని ఎవరు తెచ్చారు?" వదినగారు తలుపు వైపు తిరిగింది. "లోపలికి రా నాయనా."

ఇన్‌ఛార్జి వచ్చాడు. చొక్కా శుభ్రంగానే ఉంది కానీ కాలరు ఒకవైపు లోపలికి మడతపడి ఉంది. నేరుగా వచ్చి బాబాయ్ కుర్చీ పక్కన నిలబడ్డాడు. బాబాయ్ అతన్ని చూడకూడదనే అనుకున్నాడు, బల్ల మీదే కళ్ళు పెట్టుకున్నాడు. కానీ కళ్ళు పైకి లేచాయి. చెయ్యి కూడా లేచింది. ఆ కాలరు దాకా వెళ్ళి, మడత తీసి, సాపు చేసింది.

ఇన్‌ఛార్జి కదల్లేదు.

"మీరా?" అన్నాడు. "సైకిలు మీద... మీరేనా అండీ?"

బాబాయ్ చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నా పాత కంపెనీలన్నీ పోయాయి. కొన్ని మూతపడ్డాయి, మిగిలినవి కంప్యూటర్లో చూసి మనుషుల్ని తెచ్చుకుంటున్నాయి. నా ఫోన్ మోగట్లేదు. రెండు వారాలు మీ ఖాళీలే తీసుకున్నాను. మూడోవారం కూడా ఒట్టి చేతులతో వస్తే..." గోడ దగ్గరున్న కుర్చీ వైపు చూశాడు. "వాణ్ణి నేనే లేపాను. చిన్ననాటి స్నేహితుణ్ణి. నన్నెవరు కూర్చోనిస్తారు? మిల్లులో వీడికి చోటు ఖాయమైపోయింది కదా, పాత చోటు ఎలాగూ ఖాళీ అవుతుంది, నాలుగు రోజులు ముందైతే ఏమనుకున్నాను. ఈ యజమాని కుర్రాడు మిల్లుకి కూడా ఫోన్ చేస్తాడని ఎవరనుకుంటారు!"

"నింద నా మీద పడ్డప్పుడు?" నర్సులక్క లేచింది. "నేను ఇక్కడే కూర్చుని ఏడుస్తుంటే నా వీపు నిమిరారు బాబాయ్! ఆ చేత్తోనేనా ఫోన్ చేసింది? అడిగితే నా ఖాళీల్లో ఒకటి మీ పేరు మీద పెట్టేదాన్ని కదా! అందరం అంతే చేసేవాళ్ళం. ఈ బల్ల ఎందుకు మరి? దీన్ని పెట్టిందే మీరు కదా!"

"నేనడగడమా?" అన్నాడు బాబాయ్. "చెయ్యి పైన ఉండటం అలవాటైపోయిందమ్మా. కింద పెట్టడం రాలేదు."

ఆయన లేచాడు. ఎవరూ లేవమనలేదు. ఎవరూ కూర్చోమనీ అనలేదు. గల్లాపెట్టె ముందునుంచి వెళ్తుంటే ఓనరు నవ్వుతూ లేచి నిలబడ్డాడు. బాబాయ్ అతన్ని సర్వరూ అని పిలవలేదు.

లెక్కలాయన నర్సులక్క మొహం చూడలేక టీ గ్లాసు చూశాడు. "తప్పైపోయిందక్కా. నువ్వుండు. మిల్లుకి నేను మళ్ళీ ఫోన్ చేస్తాను," అన్నాడు. చేశాడు కూడా, అక్కడే. వాళ్ళు వేరే మనిషిని పెట్టేసుకున్నారట.

వదినగారు సబ్బుల యజమాని వైపు చూసింది.

"మీకు ఫోన్ ఎవరు చేశారో తెలిసింది. ఈయన మీ గుట్టేమీ మోసుకెళ్ళలేదనీ తెలిసింది. మళ్ళీ తీసుకుంటారా?"

"తీసుకుంటాను. కొత్తగా వచ్చినవాణ్ణి పంపించేస్తే సరి. వాడిది మాత్రం తప్పేముంది అనకండి మరి," అన్నాడతను.

అందరూ నర్సులక్కని చూశారు. ఆ కొత్తవాడూ ఆవిడ మనిషే. పాతచోటు మానేసి, ఆవిడ మాట మీద వచ్చాడు. ఇద్దరిలో ఎవర్ని ఉంచమని చెప్పాలి ఆవిడ?

ఇన్‌ఛార్జే ఆవిడకి ఆ కష్టం లేకుండా చేశాడు. "వద్దు బాబూ. అతనికీ ఇల్లుంటుంది," అన్నాడు. కాలరు ఒకసారి తడుముకుని బయటికి నడిచాడు.

నర్సులక్క వెనకాలే పరుగెత్తింది. మెట్ల దగ్గర అందుకుంది.

"ఇంకో చోటు చూస్తానండీ! తప్పకుండా చూస్తాను. నా మాట నమ్మండి."

"నమ్ముతానమ్మా. మీ తప్పేం లేదు," అన్నాడతను. "చూడండి. కానీ ఈసారి దయచేసి ఎవరికీ చెప్పకండి."

ఆవిడ సరేనంది. అతను వీధి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది. వెనక గదిలో మిగిలిన ఇద్దరూ ఆవిడ కోసం ఎదురుచూస్తున్నారు, వాళ్ళ ఎదర బల్ల ఉంది. ఎవరికీ చెప్పకుండా ఒక మనిషికి చోటు వెతకడం ఎలాగో ఆవిడకి ఎవరూ నేర్పలేదు.