పెద్ద విమానం వెనకాల

"ముసలోడా, మైకు వదులు!"

ఢాం!

కెప్టెన్ కుమారస్వామి చెయ్యి మైకు మీంచి జారిపోయింది. తెల్ల చొక్కా ఎర్రగా తడుస్తోంది.

పక్క సీట్లో యామిని కంట్రోల్స్ వదల్లేదు. కింద హిందూపురం. కుడివైపు పొద్దు వాలుతోంది.

తనకు విమానం నడపడం నేర్పిన మనిషి ఆయన. ఏడుపు రావాలి... రావడం లేదు. భయం కూడా లేదు. ధర్మవరంలో అమ్మ చేతులు మగ్గం మీద ఆడినట్టు ఆమె చేతులు వాటంతటవే పనిచేస్తున్నాయి.

వెనక సీట్లోంచి గంగాధర్ పిస్టల్ ఆమె మెడకు ఆనింది. పొద్దున తన బిజినెస్ పార్ట్‌నర్‌ని చంపాడు. బెంగళూరు హైవే నిండా పోలీసులు. అందుకే పెనుకొండ దగ్గర ప్రైవేట్ ఎయిర్‌స్ట్రిప్‌కి వచ్చి ఈ విమానం ఎక్కాడు.

"ఇంగ నువ్వే నడపల్ల. నా దుబాయ్ ఫ్లైట్ అందకపోతే నీకూ ఇదే గతి!"

"సారు బతికే ఉండాడు. ఆస్పత్రికి..."

"దిగినాక చూస్తాంలే."

వాడి నవ్వు ఆమెకు అర్థమైంది. దిగాక సాక్షుల్ని వదలడు.

పది నిమిషాలు గడిచాయి.

దూరంగా బెంగళూరు రన్‌వే! ముందు ఒక పెద్ద జంబో విమానం దిగుతోంది.

రేడియోలో టవర్. "జంబో కనిపిస్తోందా? దూరం పాటిస్తూ దాని వెనకే రండి. కుదరకపోతే ఇరవై నిమిషాలు ఆగండి."

"ఆగేది లే! పోనీ!" గంగాధర్ పిస్టల్‌ని ఆమె మెడకు నొక్కాడు.

"కనిపిస్తోంది. వెనకే వస్తాం," యామిని టవర్‌కి చెప్పింది.

సారు పెదాలు కదులుతున్నాయి. ఇరవై నిమిషాలు ఉండడు.

ఆయన చెప్పిన మొదటి పాఠం... పెద్ద విమానం వెనక గాలి సుడులు తిరుగుతుంది. దాని దారికి కిందుగా పోతే చిన్న విమానం తిరగబడుతుంది.

యామిని సారు బెల్టు బిగించింది.

"ఏం చేస్తాండావే?"

"రక్తం ఆగల్ల కదా."

తన బెల్టూ బిగించుకుంది. గంగాధర్ ముందుకు వంగి ఉన్నాడు. వాడికి బెల్టు లేదు.

ఆమె విమానాన్ని కిందికి దించింది.

"ఇంత కిందికెందుకు?"

"తొందరంటివి కదన్నా."

ఒక్క కుదుపు!

నేల పైకొచ్చింది... ఆకాశం కిందికి పోయింది! గంగాధర్ తల టాప్‌కి కొట్టుకుంది. పిస్టల్ ఎగిరి ముందుకు పడింది.

యామిని బలమంతా పెట్టి తిప్పింది. రన్‌వే మళ్ళీ ఎదురుగా వచ్చింది.

"నా గన్ను యాడ?" రెండు చేతులు వెనక నుంచి ఆమె గొంతు పట్టుకున్నాయి. ఊపిరి ఆడటం లేదు...

కుమారస్వామి ఒళ్లో పిస్టల్. ఆయన వేళ్లు దాని మీద బిగుసుకుంటున్నాయి.

ఢాం!

గొంతు మీది పట్టు వదిలిపోయింది. గంగాధర్ వెనక సీట్లో కూలబడ్డాడు, ఇక కదల్లేదు.

"మీరంతా క్షేమమేనా?" టవర్ అడుగుతోంది.

యామిని సారు వంక చూసింది, ఊపిరి ఆడుతోంది.

"అంబులెన్స్ పంపండి... ఒక్కరికే."