కిరణం తాకని చేయి

విశాఖలో ఇప్పుడు ఇళ్లకు తాళంచెవులు లేవు. గుమ్మం పక్కనున్న గీతాపలక మీద వేలితో తిన్నగా ఒక గీత గీస్తే తలుపు తెరుచుకుంటుంది. వీధివీధికీ కిరణశాలలు వెలిసి, చేతుల వణుకును కోత లేకుండా మాన్పుతున్న కాలమిది. వణికే చేతులు ఇంకా మిగిలి ఉంటాయని ఆ పలకలు చేసినవాళ్లకు తోచలేదు.

విరజ పని నుంచి వచ్చేసరికి తల్లి లిఖిత సొంత ఇంటి మెట్ల మీదే కూర్చుని ఉంది.

"కబురు పెట్టచ్చుగా అమ్మా?"

"పన్లో ఉంటావని..." అంటూ లిఖిత చేతులు కొంగు చాటున దాచుకుంది.

ఆ వణుకు వంశంలోనే ఉంది. నిన్నమొన్నటి దాకా విరజకూ ఉండేది. బయట ఎవరైనా వింతగా చూస్తే తల్లీకూతుళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వేసేవారు. నిరుడు ఇద్దరూ కలిసే కిరణశాలకు వెళ్లారు. వైద్యుడు దాచకుండా చెప్పాడు.

"మెదడులో వణుకు పుట్టే చోటును కిరణం మాడ్చేస్తుంది. కొన్ని నెలల్లో చేయి కుదుటపడుతుంది. కానీ మాడింది మళ్లీ రాదు. చుట్టూ వాపొస్తే మాట ముద్దవ్వచ్చు, కాలు పట్టు తప్పచ్చు. విరజగారూ, మీకా భయం తక్కువ. అమ్మగారికి ఇదివరకే పక్షవాతం వచ్చింది. ఆవిడకు మేలుకన్నా ముప్పే ఎక్కువ. నేను చెయ్యను."

"నువ్వు చేయించుకో. నాకోసం ఆగకు," అంది లిఖిత.

విరజ ఆగలేదు. ఆలోచిస్తానని మాటవరసకైనా అనలేదు. ఇప్పుడు ఆమెను తొలిచేస్తున్నది అదే.

కూతురి చేయి కుదుటపడినప్పటి నుంచి లిఖిత ఆమె ఎదుట భోంచెయ్యడం మానేసింది. ఆకలి లేదనేది. విరజ స్నానానికి వెళ్లగానే వంటింట్లో నిలబడి గబగబా నాలుగు ముద్దలు తినేది.

ఆ సాయంత్రం విరజ పట్టుబట్టి తల్లిని తన పక్కన కూర్చోబెట్టుకుంది. టీ పోసింది. తన కప్పు ఎత్తి, కావాలనే చెయ్యి వణికించింది. టీ బల్ల మీద ఒలికింది. తల్లి నవ్వుతుందేమోనని ఆశగా చూసింది.

లిఖిత ముఖం పాలిపోయింది.

"వెక్కిరిస్తున్నావటే?"

"అయ్యో, లేదమ్మా..." అంది విరజ.

లిఖిత లేచి గుడ్డ తెచ్చి, వణికే చేత్తోనే బల్ల తుడవసాగింది. విరజ గుడ్డ అందుకోబోయింది. తల్లి ఇవ్వలేదు.