జ్ఞానతండ్రి కావలెను

"వెనక బెంచీలో బాబూ, నీ పేరేంటి?"

చర్చిలో ఆదివారం జ్ఞానోపదేశం క్లాసు చెప్పే లిడియా అడిగింది నన్నే. నాకు ఇరవై ఏడేళ్లు. కరెంటాఫీసులో ఉద్యోగం. చుట్టూ కూర్చున్నవాళ్లంతా తొమ్మిదో తరగతి.

"సుభాష్ అండి," అన్నాను లేచి నిలబడి.

"చేతులు కట్టుకోండి సుభాష్ గారూ. క్లాసులో అందరూ ఒకటేనండి."

పిల్లలు పగలబడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు గానీ, బోర్డువైపు తిరిగాక భుజాలు కదిలాయి. నేను అప్పుడే పడిపోయాను.

తప్పు నాదే. నా ఈడువాళ్లకి భద్రమైన అభ్యంగనం, అదే జ్ఞానస్నానాన్ని స్థిరపరిచే సంస్కారం, ఇవ్వడానికి బిషప్ గారు మా ఊరొచ్చిన రోజున నేను గోదావరి లంకలో క్రికెట్ ఆడుతున్నాను. మొన్న అమ్మ నాకు సంబంధాలు చూడాలని ఫాదర్ గారి దగ్గరికి తీసుకెళ్తే, ఆయన రిజిస్టరు తిరగేశారు.

"జ్ఞానస్నానం ఉంది. సత్ప్రసాదం ఉంది. అభ్యంగనం ఏదయ్యా? అది కాకుండా నీ పెళ్లి చాటింపులు నేను చదవను. వచ్చే నెల బిషప్ గారొస్తున్నారు, వెళ్లి క్లాసులో కూర్చో."

కూర్చున్నాను. పవిత్రాత్మ ఏడు వరాలూ వరసగా ఒప్పజెప్పాను. ఎనిమిదో వరం ఎదురుగా చాక్‌పీసు పట్టుకుని నిలబడి ఉంది. అడగడానికే నోరు రాలేదు.

నాలుగో ఆదివారం వాన. క్లాసయ్యాక ఇద్దరం చర్చి వరండాలో ఆగిపోయాం. ఆవిడ చేతిలో గొడుగుంది. అయినా కదల్లేదు.

"జ్ఞానతండ్రిని చూసుకున్నారా అండి? బిషప్ గారు నుదుట తైలం రాసేటప్పుడు వెనక నిలబడి భుజం మీద చెయ్యి వెయ్యాలి. సొంత నాన్నగారు పనికిరారండోయ్."

"ఆయ్, చూసుకున్నానండి!" ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. "మీ నాన్నగారే! నిన్న అడిగేను, వెంటనే ఒప్పుకున్నారు."

వాళ్ల నాన్న జ్ఞానప్రకాశం మాస్టారంటే ఊళ్లో అందరికీ హడల్. ఆయన్ని మంచి చేసుకుంటే సగం పెళ్లయినట్టేనని నా ప్లాను.

లిడియా టక్కున గొడుగు తెరిచింది. "చాలా బావుందండీ, అన్నయ్యగారూ."

"అన్నయ్యేంటండి?"

"మా నాన్నగారు మీకు తండ్రయితే నేను చెల్లెల్నే కదండి! నా పెళ్లికి మీరే దగ్గరుండి కుర్చీలు వేయించాలి." చివరి మాట నా మొహం చూడకుండానే అంది. వానలోకి దిగి వెళ్లిపోయింది.

నేను తడుస్తూ ఫాదర్ గారి దగ్గరికి పరిగెత్తాను.

"జ్ఞానతండ్రి కూతుర్ని చేసుకోడానికి శ్రీసభ చట్టం ఇప్పుడు అడ్డం చెప్పదయ్యా," అన్నారు ఆయన నవ్వాపుకుంటూ. "మాస్టారింటి చట్టం వేరు. జ్ఞానబిడ్డంటే ఆయనకి సొంత బిడ్డే. పిల్లనివ్వరు."

వద్దని చెబుదామని మాస్టారింటికి వెళితే, నా కోసం కుట్టించిన తెల్లచొక్కా చేతిలో పెట్టారు.

"మాకు మగపిల్లలు లేరురా. ఇన్నాళ్లకి ఒకడు దొరికేడు," అన్నారు. ఆయన కళ్లు చెమర్చాయి. నావీ చెమర్చాయి, వేరే కారణంతో.

"కాఫీ తీసుకోండి అన్నయ్యగారూ," అంది లిడియా. అందులో పంచదార లేదు.

బిషప్ గారొచ్చారు. చర్చిలో పాట సాగుతోంది, పీఠం దగ్గరికి లైను కదులుతోంది. నా వెనక మాస్టారు. నా ముందు ఇద్దరే ఉన్నారు. ఆయన చెయ్యి నా భుజం మీదికి లేచింది. ఇక ఆగలేకపోయాను.

"మాస్టారూ, మీరొద్దండి."

"ఏరా?"

"లిడియాగారిని నేను చెల్లెలనలేనండి. కొట్టినా సరేనండి, నాకు ఆవిడంటే ప్రాణమండి!"

సరిగ్గా అప్పుడే పాట ఆగింది. చివరి ముక్క చర్చంతా వినబడింది. గాయకబృందంలో ఉన్న లిడియా పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది.

మాస్టారు కళ్లజోడు తీసి తుడిచారు. మళ్లీ పెట్టుకుని నన్ను కిందనుంచి పైకి చూశారు.

"ఏలీయా! ఆ తబలా వదిలేసి ఇలా రా."

ఏలీయాగారు మాస్టారి బావమరిది. లిడియాకి సొంత మేనమామ. ఆయన కంగారుగా వచ్చారు. "ఏమైంది బావా?"

"వీడికి జ్ఞానతండ్రివి నువ్వు. నా కొడుకుగా ఉండడం వీడి వల్ల కాదట. నీ కొడుకైతే నాకు అల్లుడి వరస." పక్కనే ఉన్న ఫాదర్ గారు నా చీటీలో జ్ఞానతండ్రి పేరు మార్చేశారు.

ఏలీయాగారి చెయ్యి భుజం మీద పడింది. నుదుట తైలం చల్లగా తగిలింది. తిరిగి వస్తుంటే గాయకబృందం పక్కన కాళ్లు వాటంతటవే ఆగాయి.

"కంగ్రాట్స్ అండి," అంది లిడియా, పుస్తకం వెనకనుంచే.

"అన్నయ్యగారూ అనలేదేంటండి?"

పుస్తకం కిందికి దిగింది. కళ్లనిండా నీళ్లు, పెదవులనిండా నవ్వు.

"నాన్నకి చెప్పేవు. చర్చంతటికీ చెప్పేవు. నాకెప్పుడు చెబుతావు బావా?"