మరియదాసు గారి పతకం

ఆ పెద్దావిడ కుర్చీలో కూర్చోలేదు. చేతిసంచిని రెండు చేతులా పొట్టకు అదుముకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. బెంజ్ సర్కిల్ దగ్గర బట్టల షాపు పైనున్న ఆ చిన్న డిటెక్టివ్ ఆఫీసుకు ఎక్కువగా పెళ్ళి సంబంధాల ఆరాల కోసమే జనం వస్తారు. ఈవిడ వయసు చూస్తే డెబ్బై దాటినట్టుంది. మనవరాలి సంబంధం కాబోలు అనుకుంది స్టెల్లా.

"కూర్చోండమ్మా," అంది.

"కూర్చుంటే మళ్ళీ లేవడం కష్టం తల్లీ, మోకాళ్ళు. నిలబడే చెప్తాను."

ఆఫీసు నడిపే సుధామణి బల్ల వెనకనుంచి లేచి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "లేపే పూచీ మాది. చెప్పండి."

స్టెల్లా ఈ ఆఫీసులో చేరి ఆరేళ్ళయింది. ఇంట్లో పిల్లల లంచ్ బాక్సులు, అత్తగారి మందులు చూసుకుని, రెండు బస్సులు మారి ఇక్కడికి వచ్చేసరికి ఒళ్ళు హూనమయ్యేది. అయినా సుధామణి ఎదుటివాళ్ళ మాట వినే తీరు చూడటం కోసమైనా రోజూ రావచ్చు అనిపించేది ఆమెకు.

పెద్దావిడ పేరు తెరేసమ్మ. ఊరు ఉయ్యూరుకు దగ్గర. తండ్రి మరియదాసు రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా దాకా వెళ్ళివచ్చిన సిపాయి.

"యుద్ధానికి వెళ్ళొచ్చినవాళ్ళ పిల్లలం, మనవలం కలిసి ఒక సంఘం పెట్టుకుంటున్నామమ్మా. జెండా పండగలు చేయడం, వాళ్ళ సమాధులు బాగుచేయించడం, బడిపిల్లలకి వాళ్ళ గురించి చెప్పడం. రిజిస్టరు చేయించాలంటే ఏడుగురం సంతకాలు పెట్టాలట. శుక్రవారం కాగితాలు రిజిస్ట్రారు ఆఫీసులో ఇవ్వాలి. సంతకాల వేళ ఎవరి పెద్దల పతకం వాళ్ళు బల్లమీద పెట్టాలని నియమం రాసుకున్నాం. మొన్న ఆదివారం మా ఇంట్లో కూడి, ఆ నియమాలన్నీ చదువుకున్నాం. ఆ సాయంత్రం చూస్తే మా నాన్న పతకం లేదు."

"పోలీసులకు చెప్పారా?"

"చెప్తే ముందు మా యేసుబాబునే పిలుస్తారు. మా తమ్ముడి కొడుకు. ఆదివారం అందరి ముందూ గొడవపడ్డాడు. కొడుకు బిడ్డని నేనుండగా తాత పతకం కూతురి దగ్గరెందుకు అన్నాడు. నేనూ ఊరుకోలేదు. మీ నాన్న దాన్ని ఏనాడైనా తుడిచాడంట్రా అన్నాను." ఆమె సంచిని ఒళ్ళోకి దించుకుంది. "నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళేది వాడు, ఆదివారం చికెన్ తెచ్చిచ్చేది వాడు. ఇప్పుడు వాడు నా గుమ్మం తొక్కడం లేదు. నాకు పతకం కావాలి, కాదనను. కానీ వాడు తీయలేదని తెలిస్తే చాలు. అదొక్కటీ తేల్చండి."

"అతనే తీసుంటే?" అని అడిగింది సుధామణి మెల్లగా.

తెరేసమ్మ సంచి హ్యాండిలు మెలితిప్పింది. "అదీ తెలియాలిగా. మరియతల్లి ముందు వెలిగించిన కొవ్వొత్తి సగంలో ఆరిపోయినప్పుడే అనుకున్నాను, ఇంటికి ఏదో చెడు జరుగుతుందని."

మర్నాడు సుధామణి, స్టెల్లా తెరేసమ్మ ఇంటికి వెళ్ళారు. ముందు వరండా, తర్వాత హాలు, హాలుకు కుడిపక్కన చిన్న గది. ఆ గదిలో బీరువా, దాని పక్కన గూట్లో మరియమాత విగ్రహం. ఇంటి వెనక వంటిల్లు.

"అందరికీ చూపించాక పతకాన్ని బీరువాలో పెట్టి, తాళంచెవి విగ్రహం వెనక పెట్టాను. ఎప్పుడూ అక్కడే పెడతాను. అందరూ చూస్తూనే ఉన్నారు," అంది తెరేసమ్మ. "బస్సు టైమైందని ముగ్గురు వెళ్ళిపోయారు. నేను టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. అప్పుడు వరండాలో ఉన్నది మా యేసుబాబు, పేరమ్మ, అంతోని మాస్టారు. ముగ్గురే."

సుధామణి గూటి ముందు వంగి చూసింది. విగ్రహం ముందు స్టీలు ప్లేటులో సగం కాలిన కొవ్వొత్తి అలాగే ఉంది. గది కిటికీ మూసి ఉంది. దోమల కోసం మధ్యాహ్నం నుంచే మూసేస్తానని తెరేసమ్మ చెప్పింది. కొవ్వొత్తి వత్తి వంగిపోకుండా, ఎవరో వేళ్ళతో నిలబెట్టినట్టు నిటారుగా ఉంది.

"దీన్ని మీరు ముట్టుకున్నారా?"

"లేదమ్మా. ఆరిపోయినదాన్ని మళ్ళీ వెలిగించడానికి చెయ్యి రాలేదు."

పేరమ్మ ఉయ్యూరు మార్కెట్లో చేపల బుట్టల వెనక కూర్చుని చేపలు కోస్తోంది. బందరు వైపు మనిషి. గొంతు పెద్దది.

"పతకం నేను తీశాననా? మా తాతది నా దగ్గరుందండీ, ఇంకోళ్ళది నాకెందుకు? ఆ రోజు నాకు కోపం వచ్చిన మాట నిజం. ఆ మాస్టారు నియమాల్లో ఏం రాశాడో తెలుసా, ఆయుధం పట్టినవాళ్ళ వారసులే సభ్యులంట. మా తాత సైన్యానికి పడవ నడిపాడు. నదిలో బాంబులు పడుతుంటే తెడ్డు పట్టుకున్నాడు. తెడ్డు ఆయుధం కాదా అని అడిగాను. చూద్దాం అన్నాడాయన."

"తెరేసమ్మ గారు వంటింట్లో ఉన్నప్పుడు మీరెక్కడున్నారు?"

"హాల్లోంచి పెరట్లోకెళ్ళి కాళ్ళు కడుక్కున్నాను. గదిలోకి తొంగిచూశాను కూడా. దొంగనైతే ఈ మాట చెప్తానా?"

"గదిలో దీపం వెలుగుతోందా?"

"కొవ్వొత్తి వెలుగుతోంది. బాగుంది చూడ్డానికి. దణ్ణం పెట్టుకుని పోయాను. ఏ దేవుడైతే ఏమిటి?"

"తర్వాత ఎవరో ఆర్పారట."

పేరమ్మ చేతిలో కత్తి ఆగింది. "దేవుడి ముందు దీపం ఆర్పడమేంటండీ? మా ఇంట్లో ఆ పని చేస్తే మా అమ్మ వీపు చీరేసేది."

యేసుబాబు చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరకు ట్రాక్టర్ల వరసలో దొరికాడు. నలభై ఏళ్ళుంటాయి. ట్రాక్టరు దిగకుండానే మాట్లాడాడు.

"అత్త పంపిందా మిమ్మల్ని? నేనే తీశానందా?"

"మీరు తీయలేదని తేల్చమంది."

అతను ఇంజను ఆపాడు. "నేను గదిలోకి వెళ్ళలేదండీ. పెళ్ళయ్యాక మేము వేరే ప్రార్థన మందిరానికి వెళ్తున్నాం. విగ్రహాల గదిలోకి వెళ్ళను. అత్తకీ తెలుసు. ఆ రోజు కోపమొచ్చి రోడ్డు మీద బండి దగ్గర నిలబడ్డాను. పతకం అడిగాను గానీ దొంగతనంగా ఎందుకు తీస్తాను? రేపు అత్త తర్వాత నాకే కదా వచ్చేది." అన్నాక తనకే ఆ మాట నచ్చనట్టు తల దించుకున్నాడు. "అలాక్కాదు. ఆమె బాగుండాలి."

అంతోని మాస్టారు సాయంత్రం చర్చి దగ్గర ఉన్నాడు. రిటైరైన హెడ్మాస్టరు. ముప్పై ఏళ్ళుగా ఆ చర్చిలో ఉపదేశి కూడా. పీఠం సర్దడం, గంట కొట్టించడం, పాటలు పాడించడం అన్నీ ఆయనే. సంఘం నియమాలన్నీ రాసిందీ ఆయనే. మాట్లాడుతూనే చర్చి ఆవరణలో రాళ్ళతో కట్టిన మరియమాత గుహ ముందు భక్తులు వెలిగించి వదిలివెళ్ళిన కొవ్వొత్తుల దగ్గరకు నడిచాడు.

"నేను వరండా దాటలేదమ్మా. నియమాల్లో తప్పులు దిద్దుకుంటూ కూర్చున్నాను. పేరమ్మ లోపలికి వెళ్ళడం చూశాను. అంతకుమించి ఒకరి మీద చెప్పడం న్యాయం కాదు." వేలు తడిచేసుకుని ఒక్కో వత్తినీ నొక్కి ఆర్పుతున్నాడు. "ఇలా వదిలేస్తే గాలికి తెరలంటుకుంటాయి. ఒకసారి అంటుకున్నాయి కూడా."

"మీ నాన్నగారూ సైన్యంలోనేనా?" అని అడిగింది స్టెల్లా.

"మా నాన్న పాల్. మరియదాసు గారూ ఆయనా ఒకే రోజు సైన్యంలో చేరారు. నాన్న గన్ను దగ్గర పనిచేసేవాడు."

"ఆయన పతకం చూడొచ్చా?"

"శుక్రవారం అందరితో పాటే చూద్దురుగాని," అన్నాడు మాస్టారు.

ఇద్దరూ తిరుగు బస్సు ఎక్కారు. కానూరు దాటాక సుధామణి అడిగింది. "స్టెల్లా, మీ ఇంట్లో ప్రార్థనలో కొవ్వొత్తి వెలిగిస్తారు కదా. ఎవరు ఆర్పుతారు?"

"ఎవరూ ఆర్పరు మేడం. మొక్కుకుని వెలిగించింది కదా, అదే అయిపోవాలి."

"అందరూ అంతేనా?"

"అందరూ అంతే," అంది స్టెల్లా. ఆ జవాబులో ఏముందో ఆమెకు అప్పుడు తట్టలేదు.

గురువారం సాయంత్రం తెరేసమ్మ ఇంటికి ఆ ముగ్గురినీ పిలిపించింది సుధామణి. యేసుబాబు హాల్లోనే గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పేరమ్మ చాపమీద కూర్చుంది. మాస్టారు నియమాల ఫైలు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన భుజాన గుడ్డసంచి ఉంది.

"అమ్మా, ఆదివారం లాగే ఒక కొవ్వొత్తి వెలిగించండి," అంది సుధామణి.

తెరేసమ్మ గదిలో కొవ్వొత్తి వెలిగించింది. పతకాన్ని బీరువాలో ఎలా పెట్టిందో, తాళంచెవి ఎక్కడ పెట్టిందో సుధామణి ఆమె చేత మళ్ళీ ఒకసారి అందరికీ చెప్పించింది. పేరమ్మ, మాస్టారు గదిలోకి వచ్చి చూశారు. యేసుబాబు గుమ్మం బయటనుంచే చూశాడు.

"ఇప్పుడు అందరం వరండాలో కూర్చుందాం. ఇక్కడ ఉక్కగా ఉంది," అంది సుధామణి.

అందరూ కదిలారు. తెరేసమ్మ చెయ్యి పట్టుకుని నడిపిస్తున్న స్టెల్లా ఎందుకో వెనక్కి తిరిగి చూసింది. చివరగా బయటకు రావలసిన మాస్టారు గూటి దగ్గర ఆగాడు. వేలు నాలుకకు తాకించి, వత్తిని నొక్కి ఆర్పి, దాన్ని రెండు వేళ్ళతో నిటారుగా సరిచేసి, ఏమీ ఎరగనట్టు గుమ్మం దాటాడు. ఆ పని ఆయన చేతులకు తెలిసినంతగా ఆయనకు తెలిసినట్టు లేదు. బస్సులో తాను చెప్పిన జవాబు స్టెల్లాకు అప్పుడు అర్థమైంది.

వరండాలో అందరూ కూర్చున్నాక సుధామణి మాట్లాడింది.

"ఆదివారం ఈ గదిలో వెలుగుతున్న కొవ్వొత్తిని ఎవరో ఆర్పారు. గాలి కాదు, కిటికీ మూసి ఉంది. వత్తి నిలబెట్టి ఉంది. తాళంచెవి కోసం విగ్రహం దగ్గరకు వెళ్ళిన మనిషే ఆర్పి ఉండాలి. కానీ ఎందుకు? పగటిపూట దొంగకు ఆ వెలుతురుతో ఇబ్బంది లేదు. పేరమ్మ గారు దేవుడి ముందు దీపం ఆర్పే మనిషి కాదు. యేసుబాబు గారు ఆ గదిలోకే రారు. ఇంట్లో వెలిగించుకునేవాళ్ళెవరూ ఆర్పరని మా స్టెల్లా చెప్పింది. మనుషులు లేని గదిలో కొవ్వొత్తి వెలుగుతుంటే ఆర్పకుండా బయటకు రాలేనివాళ్ళు ఒకళ్ళే ఉంటారు, రోజూ చర్చిలో అందరూ వెళ్ళాక ఆఖరున బయటకొచ్చేవాళ్ళు. మాస్టారూ, మీరు వరండా దాటలేదన్నారు. ఇప్పుడు కూడా ఆర్పే వచ్చారు."

అంతోని తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. గుడ్డసంచిలోంచి రుమాలు మూట తీసి బల్లమీద పెట్టాడు. విప్పితే పతకం.

"వన్‌టౌన్‌లో ఇత్తడి పనివాళ్ళ దగ్గర ఇలాంటిదే ఒకటి పోత పోయిద్దామనుకున్నాను. రెండుసార్లు వెళ్ళాను. వాళ్ళ చేతికి ఇవ్వలేక తిరిగొచ్చాను." ఆయన గొంతు బడిలో పాఠం చెప్పే గొంతులా లేదు. "మా ఇంట్లో పతకం లేదు. నాన్న సైన్యంలో వంటవాడు. ఊరికొచ్చాక అందరూ వంట పాల్ అని ఆటపట్టించేవాళ్ళట. ఓ రోజు తన పతకం తీసుకెళ్ళి కాలవలో పారేశాడు. నేను గన్ను అని చెప్పుకుంటూ పెరిగాను. పతకాలు బల్లమీద పెట్టాలనే నియమం అందరూ కావాలన్నారు. నేనే చక్కగా రాశాను. రాశాక కాదనలేకపోయాను."

యేసుబాబు లేచాడు. "మరి నాలుగు రోజులు అందరూ నన్ను చూసిన చూపు సంగతేంటి మాస్టారూ?"

"తప్పేనయ్యా. రేపు అందరి ముందూ ఆ మాట నేనే చెప్తాను."

"కూర్చోరా," అంది తెరేసమ్మ. ఆమె పతకాన్ని చేతిలోకి తీసుకుంది గానీ దానివైపు చూడలేదు. "మాస్టారూ, మీ నాన్న వంటవాడని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు."

అంతోని తలెత్తాడు.

"మా నాన్న అన్నం తినేటప్పుడల్లా చెప్పేవాడు. వానలో తడిసిన కట్టెలతో పొయ్యి వెలిగించి, పైన విమానాలు తిరుగుతుంటే పొగ కనపడకుండా గొయ్యిలో వండి పెట్టాడని. జ్వరాలొచ్చి పడిపోయినవాళ్ళకి గంజి తాగించాడని. పాల్ లేకపోతే నువ్వు పుట్టేదానివి కాదే అనేవాడు. మీరు గన్ను అంటుంటే, మీకది ఇష్టం కాబోలని ఊరుకున్నాను. తప్పు నాదీ ఉంది. ముందే ఆ మాట చెప్పుండాల్సింది."

పేరమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. "అయితే ఆ ఆయుధం ముక్క తీసేయండి ముందు. పడవ నడిపినవాడు, వండిపెట్టినవాడు, మూటలు మోసినవాడు, అందరూ వెళ్ళారు కదా."

"పతకం లేనివాళ్ళు?" అని అడిగింది స్టెల్లా, అడగకుండా ఉండలేక.

"పక్కవాళ్ళ మాట చాలు," అంది తెరేసమ్మ. "పాల్ గారి సంగతి నేను చెప్తాను. నాకంటే సాక్షి ఎవరు?"

మాస్టారు ఫైలు తెరిచాడు. సుధామణి పెన్ను మూత తీసి ఇచ్చింది. 'ఆయుధం పట్టిన' అన్న మాటలు కొట్టేసి, 'యుద్ధంలో ఏ పనైనా చేసిన' అని రాశాడు. పతకాల నియమం మొత్తం అడ్డంగా కొట్టేశాడు.

"సభ్యుల పేర్ల దగ్గర పెద్దాయన చేసిన పని కూడా రాయండి," అంది తెరేసమ్మ. "అది చూసే నేను సంతకం పెడతాను."

పాల్, వంటవాడు అని రాశాడు అంతోని. రాశాక ఆ రెండు మాటలూ తెరేసమ్మకు కనబడేలా ఫైలు తిప్పాడు.

"సంఘం భోజనాలు మీ ఇంట్లోనే పెట్టుకుంటాం మాస్టారూ," అంది పేరమ్మ. "చేపలు నావి. వండటం మీ వంశానికి తెలిసిన పనేగా." ఎవరూ నవ్వాలని అనుకోలేదు గానీ ముందు మాస్టారే నవ్వేశాడు.

స్టెల్లా, సుధామణి బస్సు కోసం రోడ్డు మీదకు వచ్చేసరికి వెనకనుంచి మోటారు సైకిలు చప్పుడైంది. యేసుబాబు రోడ్డు పక్కన వదిలిన తన బండిని ఇంటి గుమ్మం దాకా తెచ్చి ఆపాడు.

"రేపు ఆఫీసు పదింటికంట. పొద్దున్నే వస్తాను, తయారుగా ఉండు," అన్నాడు గుమ్మంలోకి చూస్తూ.

"బండి మీద నేనెక్కలేనురా, మోకాళ్ళు."

"ఆటో తెస్తాలే. తాత పతకం నాకివ్వు, జేబులో పెట్టుకుంటాను అని మాత్రం అననులే. నీ సంచిలోనే ఉంచుకో అత్తా."

తెరేసమ్మ ఏదో అంది. అది బస్సు హారన్లో స్టెల్లాకు వినపడలేదు. యేసుబాబు మాత్రం బండి స్టాండు వేసి, చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళాడు.