ఎలాగూ గెలిచే మరిడమ్మ

మరిడమ్మను ఓడించిన ఓట్లలో నాదీ ఒకటి. ఈ మాట ఇంతవరకు నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. అంటే, "మరి ఆ మెషిన్ బిగించింది నువ్వే కదా?" అని అడుగుతారు.

అవును, నేనే. ఇంటర్ మధ్యలో ఆపేసి, వీడియోలు చూసి సోల్డరింగ్, కోడింగ్ నేర్చుకున్నదాన్ని. డాక్టర్ వేదగిరి తన మనసు మీటర్‌ని మా గవ్వలపేటకు తెచ్చినప్పుడు సెన్సర్లు అతికించే పని నాకిచ్చారు.

మెషిన్ సంగతి తేలికే. తలకు ఒక పట్టీ కట్టి, తెర మీద అభ్యర్థి ఫోటో చూపిస్తారు. చూడగానే మెదడులో మొదట కోరిక కదులుతుంది. దాని వెనకే లెక్క వస్తుంది: ఈవిడ గెలుస్తుందా, గెలవకపోతే నా ఓటు వృథా కాదూ అని. మామూలుగా మనం బయటికి చెప్పేది ఆ లెక్కనే. మీటర్ రెంటినీ విడదీసి కోరికకు పచ్చ లైటు, లెక్కకు ఎర్ర లైటు వెలిగిస్తుంది.

అప్పటికే మా తీరాన్ని ఒక సర్వర్ల కంపెనీ అడిగింది. సముద్రపు నీళ్ళతో సర్వర్లను చల్లబరుస్తారట, అందుకు పేట ఖాళీ చెయ్యాలట. వార్డు కౌన్సిలర్ సంతకం ఒక్కటే మిగిలింది. ఆ సంతకం పెట్టేది లేదని ఎన్నికల్లో నిలబడింది ఎండుచేపలమ్మే మరిడమ్మ. పెడతాను, ఊరవతల అపార్ట్‌మెంట్లు ఇప్పిస్తాను అని నిలబడ్డాడు కాంట్రాక్టర్ చినసత్యం.

మీటర్ రాకముందు ఎవర్ని కదిపినా ఒకటే మాట, మరిడమ్మ మంచిదేగానీ గెలవదు అని. పట్టీ కట్టాక చూస్తే పేట పేటంతా ఆవిడ ఫోటోకి పచ్చ లైటే. చినసత్యం సొంత బావమరిదికి కూడా. డాక్టర్‌గారు సంబరంగా ఆ ఫలితం మైకులో చదివారు. ఒకరి మనసు ఒకరికి తెలియకే జనం భయపడుతున్నారు, తెలిస్తే నచ్చినవాళ్ళకే ధైర్యంగా వేస్తారు అన్నది ఆయన సిద్ధాంతం. నేనూ నమ్మాను.

చినసత్యం ఆ రోజే జెండాలూ మైకులూ ఆపేశాడు. ఒంటరిగా ఇంటింటికీ తిరిగాడు. మా ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడి, అక్కని పిలిచినట్టు అమ్మని పిలిచాడు.

"అప్పా, మరిడమ్మ ఎలాగూ గెలుత్తాది. మెషినే సెప్పేసింది. నాకు మరీ సున్నా వొత్తే నలుగుర్లో తలెత్తుకోలేను. మీ ఇంటి ఓట్లు ఇటు పడేయండి. రేపెప్పుడైనా ఆ అపార్ట్‌మెంట్లు కడితే కింద ఫ్లోరు మీకే."

వలలూ తెడ్లూ మేడ మీదికి మొయ్యాలంటే ఎవరికైనా గుండె జారుతుంది. అమ్మ నా వైపు తిరిగింది. "ఎలాగూ గెలిసేదానికి మన రెండోట్లూ ఎందుకే బుల్లీ?"

వల మీద చెయ్యి వేసి మాటిచ్చింది. నన్నూ వెయ్యమంది, వేశాను. వల మీద ఒట్టు తప్పితే చేపలు పడవని మా పేటలో పసిపిల్లలకీ తెలుసు. పొద్దస్తమానం అబద్ధాలాడే తాగుబోతులు కూడా ఆ ఒక్క ఒట్టూ తప్పరు. ఇంత కోడింగ్ నేర్చుకున్నదాన్ని, నేనూ తప్పలేదు.

ప్రతి ఇంట్లోనూ అదే కబురు, అదే కింద ఫ్లోరు. ఒక బిల్డింగుకి ఎన్ని కింద ఫ్లోర్లుంటాయని ఎవరూ అడగలేదు. అడిగితే పక్కింటివాళ్ళకి తెలిసిపోతుందని భయం.

మరిడమ్మకు డిపాజిట్ కూడా దక్కలేదు.

కుళాయి దగ్గర ఏడుపులు చూడాలి. జనం ఎంత మోసం చేశారో అని ఒకావిడ ముక్కు చీదింది. ఇంకొకావిడ, నమ్మకం లేని పేట అంది. జనం అంటే ఎవరు? మరిడమ్మను గెలిపించే పని పక్కింటివాళ్ళకి అప్పజెప్పి, వాళ్ళు చెయ్యలేదని వాళ్ళనే తిట్టడం! ఒళ్ళు మండి బిందె అక్కడే వదిలేసి డాక్టర్‌గారి దగ్గరికి పోయాను.

ఆయన రిపోర్టు రాసుకుంటున్నారు. మీటర్ తప్పు చెప్పలేదని, ఇవాళ పట్టీ కట్టినా అందరికీ పచ్చ లైటే వెలుగుతుందని అన్నారు.

"కోరిక నిజమే సార్. ఉందని మైకులో చదివేశారు కదా, ఇంక చెయ్యాల్సిందేమీ లేదనుకున్నాం."

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "దానికి మెషిన్ ఏం చేస్తుందమ్మా?"

ఆ తర్వాత కాస్త మొహమాటంగా ఇంకో సంగతి చెప్పారు. కౌన్సిలర్ చినసత్యంగారికి మీటర్ బాగా నచ్చిందట. వచ్చే ఎన్నికల్లో ప్రతి వార్డులోనూ పెట్టించమన్నారట. నాకు ఆపరేటర్ ఉద్యోగం ఖాయమట. నేను లేచి వచ్చేశాను.

సంతకం అయిపోయింది. రేపు తీరం కొలవడానికి సర్వేవాళ్ళు వస్తున్నారు. ఎవరొచ్చినా రాకపోయినా ఇసకలో అడ్డంగా కూర్చుంటానని మరిడమ్మ చెప్పిందట. నేనూ వెళ్తానంటే అమ్మ చేపలు కడుగుతూ తల కూడా ఎత్తలేదు.

"పేటంతా ఎలాగూ ఎల్తాది. నువ్వొక్కర్తివీ ఎల్లకపోతే ఏటి?"

ఫోన్ చేతిలోకి తీసుకుని వీధిలోకొచ్చాను. మరిడమ్మ పిన్ని ఎత్తగానే తిడుతుంది, తిట్టనివ్వాలి. ఆ తర్వాత, రేపు ఎన్నింటికి రావాలో అడగాలి.